గంట కొట్టాక మిగిలిన పాఠం

కరస్పాండెంటు గది బయట తస్కీన్ పూలదండ పట్టుకుని నిలబడింది. వెనుక హాస్టల్ అమ్మాయిలందరూ ఉన్నారు.

తాగే నీళ్లు బాగుచేయాలని బోధన్‌లోని ఆ కాలేజీ గోడలకు పేర్లు లేని కాగితాలు అంటించింది వీళ్లే. ఆ సంగతి చరిత్ర చెప్పే ముయీజ్ సారుకు తప్ప మరొకరికి తెలియదు. దొరికినవాళ్లకు హాల్ టికెట్లు ఇవ్వనని కరస్పాండెంటు బెదిరించాడు కూడా.

"ఇప్పుడు ఫిల్టర్ పెట్టిస్త అంటున్నడు. అందరు వచ్చి శుక్రియా చెప్పుండ్రి" అని సారే వెంటబెట్టుకొచ్చాడు.

అసలు వాళ్లకు ఈ దారి చూపింది ఆయన పాఠమే. వందేళ్ల కిందట మధ్య ఆసియాలో బుఖారాను ఏలిన అమీరు కళ్లుగప్పి కొత్త చదువుల కోసం రహస్య సంఘం పెట్టుకున్న ముస్లిం యువకుల కథ అది.

"సార్, అమీరు మార్పులకు ఒప్పుకున్నడు అన్నకాడ గంట కొట్టిండ్రు. తర్వాత ఏమైంది?" అని అడిగింది తస్కీన్.

ముయీజ్ సార్ కళ్లద్దాలు తీసి తుడవసాగాడు.

"శుక్రియా చెప్పనీకి అందరు బజార్లకొచ్చిండ్రు."

"వస్తే?"

"గప్పటిదాంక అమీరుకు వాళ్ల మొఖాలు తెల్వయి. పట్టుకొని కొరడాలతోని కొట్టిచ్చిండు."

తస్కీన్ వెనక్కి తిరిగింది. అమ్మాయిల్లో ముందున్న శిరీష నవ్వుతూ చున్నీ సర్దుకుంటోంది.

"మీరు మా పేర్లు చెప్పలే కద సార్?"

"పేర్లు చెప్పలేదమ్మా."

తలుపు తెరుచుకుంది. "అందరు వచ్చినట్టేనా, మాస్టారూ?" అన్నాడు కరస్పాండెంటు.

సార్ కళ్లద్దాలు పెట్టుకోలేదు. "వచ్చిండ్రు సార్. ఒక్కరు గూడ మిగల్లేదు" అన్నాడు.