నిండు గీత

ఆల్బన్ మీటరు ముల్లు చూస్తుండగానే దిగిపోతోంది. పక్కనే అతని అక్క భర్త విల్ఫ్రెడ్ మీటరు ముల్లు నిండు గీత మీద కదలకుండా నిలిచి ఉంది.

ఇంగ్లండులోని కోవెంట్రీలో కార్లు కొత్తగా తయారవుతున్న రోజులవి. ట్యాంకులో పెట్రోలు ఎంతుందో చూపే మీటరును చెరొకటి చేసి, పరీక్షకు రెండింటినీ ఒకే ట్యాంకుకు బిగించారు. నెగ్గినదే వాళ్ల కారుకు ఎక్కుతుంది.

"ఇంజనే లేదు కదరా, పెట్రోలు ఎవడు తాగాడు? నీ ముల్లుకే దాహమేసినట్టుంది," అన్నాడు విల్ఫ్రెడ్.

"ఒక్కసారి కర్ర ముంచి చూద్దాం బావా."

"కర్రే ముంచాలంటే ఇక మీటరెందుకు? ఓడిపోయానని ఒప్పుకో."

విల్ఫ్రెడ్ తృప్తిగా పైపులో పొగాకు కూరుకున్నాడు. షెడ్డులో పెట్రోలు వాసన ఎప్పుడూ ఉండేదే. అయినా ట్యాంకు దగ్గర నిప్పు వెలిగించేంత అజాగ్రత్త మనిషి కాదు. షెడ్డు చివర తలుపు దాకా నడిచాడు.

ఆల్బన్ ఉండబట్టలేక కర్ర ముంచాడు. కొస మాత్రమే తడిసింది.

"బావా, ఆగు."

విల్ఫ్రెడ్ అప్పటికే అగ్గిపెట్టె తెరిచాడు. అతని బూట్ల కింద నేల మీద చల్లిన రంపపు పొట్టు నల్లగా తడిసి ఉంది. కడిగిన నీళ్లు బయటికి పోవాలని నేలను ఆ తలుపు వైపు వాలుగా వేయించింది విల్ఫ్రెడే.