దోమతెర ఎత్తొద్దు

"తెర ఎత్తకు వదినె! నీ కాళ్ళు మొక్కుత!"

అనసూర్య చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. తమ్ముడి కొడుకును తొట్టెలలో వేసే రోజని, మూడు బస్సులు మారి ఆసిఫాబాద్ నుంచి ఖానాపూర్‌కు వచ్చింది. తోడు తోటికోడలు జమున. వెంట జలుబు.

"మొకం గూడ సూడొద్దా ఏంది?" అంది, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

"చూడు. తెరలకెల్లి చూడు. ముట్టుకోకు, ఎత్తుకోకు, ముద్దు పెట్టకు. డాక్టరమ్మ వద్దన్నది."

మరదలు వినోద భయం ఊరికే పుట్టింది కాదు. రెండు కడుపులు నిలువలేదు. మూడోసారి ఐదో నెల నుంచి మంచం దిగలేదు. ఎనిమిదో నెలలో బీపీ పెరిగి కండ్లు మసకలు కమ్మితే, కరీంనగర్ తీసుకుపోయి ఆపరేషన్ చేయించారు. పిల్లాడు కిలోన్నర లేడు. పందొమ్మిది రోజులు అద్దాల పెట్టెలో ఉన్నాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ వేలు చూపించి మరీ చెప్పింది.

"జలుబున్నోళ్ళను దగ్గరికి రానియ్యకు. వాళ్ళకు తుమ్మే. వీడికి ప్రాణం మీదికి."

అప్పటి నుంచి వినోద నిద్రలో కూడా పిల్లాడి ముక్కు కింద వేలు పెట్టి చూస్తోంది. వాడికి ఎక్కిళ్ళు వస్తే అంబులెన్స్‌కు ఫోన్ చేసింది. బీడీ వాసనని తన కన్నతండ్రినే పశువుల కొట్టంలో పండుకోమంది.

కానీ మేనత్తను రావద్దనేదెట్లా? పేరు పెట్టాల్సింది ఆమె. ఒక్క మాట తేడా వస్తే ఇరవై ఏండ్లు గుర్తుంచుకునే మనిషి. చంటిపిల్ల కనబడితే బుగ్గ కొరకకుండా వదలని మనిషి.

గదిలో కిటికీలు మూసి ఉన్నాయి. తొట్టెల మీద రెండు వరుసల దోమతెర. లోపల కండ్ల దాకా ఉన్నిటోపీ, మెడ దాకా బొంత, ఇంత దిష్టిచుక్క.

అనసూర్య తాడు పట్టుకుని ఊపింది. దూలం కిర్రుమంది.

"అబ్బో! కిలోన్నర అంటిరి, మంచిగనే తేరిండు గద!"

"దిష్టి పెట్టకు వదినె."

జమున తెరకు ముక్కు ఆనించి చూసింది. "జర నల్లగున్నడు గదా అక్కా?"

"మా తమ్ముడు మల్లేష్ గూడ పుట్టినప్పుడు గిదే రంగు. ఆ తలకాయ సూడు, గుండ్రంగ. అచ్చం మా బాపు తలకాయ!"

"ఏడుపే లేదు. ఎంత బుద్ధిమంతుడో!"

"ఆ బుద్ధి గూడ మా బాపుదే."

వినోద తల్లి రామవ్వ వంటింటి గడపలోంచి తొంగిచూసింది. "చూసుడైతే జల్ది కానియ్యుండ్రి బిడ్డా. నాకింకా కారం నూరే పనున్నది."

"నీ కారం ఎక్కడికి పోతది అత్తా!"

వినోద పావుగంటకోసారి కుట్లు గుంజుతున్నాయని లోపలి అర్రలోకి పోతోంది. ఆమె పోతే రామవ్వ వచ్చి తొట్టెల దగ్గర కూచుంటోంది. ఆమె వస్తే రామవ్వ లోపలికి పోతోంది. ఇంతలో అనసూర్య ఇల్లదిరేటట్టు తుమ్మింది. వినోద ఉలిక్కిపడి లోపలి అర్ర దిక్కు చూసింది. తలుపు మూసే ఉంది. గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

మస్కట్ నుంచి మల్లేష్ వీడియో కాల్ చేశాడు. అనసూర్య ఫోన్ తీసుకుపోయి తెరకు ఆనించింది.

"అక్కా, ఇంకింత దగ్గర పెట్టు. కదుల్తలేడేంది?"

"పాలు తాగి పండుకున్నడు," అంది వినోద, గబగబా.

"నా లెక్కనే ఉన్నడక్కా," అని మల్లేష్ అక్కడ కండ్లు తుడుచుకున్నాడు.

అనసూర్య తెర బయటి నుంచే మూడుసార్లు పిలిచింది. "రంజిత్! రంజిత్! రంజిత్!" మూడోసారికి వినోద చేతిలోని తాడు కొంచెం కదిలింది.

"విన్నడే! అత్త గొంతు గుర్తుపట్టిండు!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఇక పోతారనుకుని వినోద ఊపిరి పీల్చుకుంది. అప్పుడు అనసూర్య సంచిలోంచి వెండి మొలతాడు తీసింది.

"ఇది మాత్రం నా చేతుల్తోనే కడ్త. మేనత్త కట్టకపోతే ఎట్ల?"

"వదినె, నేనే కడ్త తియ్యి!"

"నువ్వు జరుగు పిల్లా. నేను ముగ్గురిని కన్నదాన్ని!"

అనసూర్య ఒక చేత్తో తెర ఎత్తింది. రెండో చెయ్యి బొంత దాకా పోయింది.

"అవ్వో! కుట్లు పిగిలినయ్!"

వినోద పొట్ట పట్టుకుని చాప మీద పడిపోయింది. మొలతాడు ఎగిరి పీట కింద పడింది. తెర జారింది. జమున నీళ్ళు తెచ్చింది, అనసూర్య విసనకర్ర తెచ్చింది. ఇద్దరూ పావుగంట వినోద కాళ్ళు, చేతులు రుద్దారు. లేచి చూస్తే కుట్లు కుట్లలాగే ఉన్నాయి. బస్సు టైమ్ మాత్రం అయిపోవచ్చింది.

"పైలం బిడ్డా," అంది అనసూర్య గడప దాటుతూ, మళ్ళీ తుమ్మి. "పిల్లగాడు దిట్టంగున్నడు. నువ్వే ఉత్తగ పరేషానైతున్నవ్."

ఆటో మలుపు తిరిగేదాకా వినోద వాకిట్లోనే నిలబడింది. తర్వాత పరుగున లోపలి అర్రలోకి పోయి తలుపు వేసుకుంది.

అక్కడ ఆమె కొడుకుకు పాలు పడుతుంటే, ఇక్కడ రామవ్వ తెర తొలగించి, ఉన్నిటోపీ ఊడదీసి, దిష్టిచుక్క తుడిచి, రోటి పొత్రాన్ని తొట్టెలలోంచి ఎత్తుకుపోయి బాలింతకు ఎల్లిపాయ కారం నూరడానికి కూచుంది.