తలుపు సాక్ష్యం

మార్చి పదకొండున నేనూ, మా తమ్ముడి కూతురు వకుళా దిబ్బరొట్టె తిని కోర్టుకు వెళ్లాం.

ఇప్పుడు తలుపులన్నీ మాట వింటాయి, విన్నది గుర్తుంచుకుంటాయి. వకుళకు పదిహేనేళ్లప్పుడు ఆమెను గెస్ట్‌హౌస్‌లో బంధించిన కోటీశ్వరుడి మీద వేసిన నష్టపరిహారం దావాలో, ఆ గది తలుపే సాక్ష్యం చెప్పింది.

"తెరవమని పాప ఏడ్చింది. అయ్యగారు వద్దన్నారు."

వకుళ మళ్లీ సాక్ష్యం చెప్పాల్సిన పని లేకపోయింది. కోటీశ్వరుడి లాయరు రాజీకి వచ్చాడు.

"మీ తలుపే ఒప్పుకున్నాక ఇంకా రాజీ ఏంటండీ?" అంది వకుళ.

సాయంత్రానికి దావా గెలిచాం.

ఇన్నేళ్లూ తలుపు తెరిచే పడుకునేది వకుళ. ఆ రాత్రి తన గది తలుపును తడిమి చూసింది. అది పోయిన మా ఆవిడ మార్చనివ్వని పాత చెక్క తలుపు.

"ఇది ఎవరి మాటా వినదుగా పెదనాన్నా?"

"దానికి చెవుల్లేవమ్మా. గడియ నీవైపే ఉంది."

"అయితే వెళ్లి పడుకో. గురక పెట్టకు."

వకుళ మెల్లగా తలుపు వేసుకుంది.