మొదటి పేజీలో పేరు

"నీ పేరేంటి తల్లీ?" అని హజియా బల్కీసు అడిగింది హన్సాతుని. అసబేని కాదు.

అసబే చాప అంచున ముడుచుకు కూర్చుంది. హజియా రాసిన నవలల్లో తను చదవనిది లేదు. ఏ సవతి ఎవరి కుండలో ఉప్పు గుమ్మరించిందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. హన్సాతు చదివింది రెండే, అవీ అసబే ఇచ్చినవే. జారియాలో అమ్మమ్మ దగ్గర పెరిగి, ఆ వీధిలోనే కాపురం చేసుకుంటున్న అసబేకి పక్కింటి కొత్త కోడలు హన్సాతు. పుస్తకం ముందేసుకుని కన్నీళ్లు పెట్టుకునే అసబేని చూసి, "నీ మొగుడు ఊరెళ్లినా ఇంత ఏడవవు కదే" అని ఏడిపించేది.

కొత్త నవల భాగం అచ్చయి వచ్చిన రోజు కానోలో హజియా తన ఇంటి లోపలి గదిలో కూర్చుని, వచ్చిన ఆడవాళ్లందరికీ వాళ్ల పుస్తకాల మొదటి పేజీలో పేరు రాసి ఇస్తుంది. తన పేరు ఆమె చేత రాయించుకోవాలని, ఒక్కసారి ఆమె నోట వినాలని, బస్సులో దారి పొడుగునా అసబే అదే మాట చెప్పింది. తోడుగా ఉంటుందని హన్సాతుని తీసుకొచ్చింది. తీసుకొచ్చి తప్పు చేశానని ఇప్పుడు అనిపిస్తోంది.

హజియా హన్సాతు పేరును రెండుసార్లు పలికి, ముచ్చటగా ఉందంది. రాసిచ్చింది. పక్కన కూర్చోబెట్టుకుని వేడి అలసంద వడలు ముందుకు జరిపింది. ఈ ఏడు జారియాలో దుమ్ముగాలి ఎలా ఉంది, బావుల్లో నీళ్లున్నాయా, వీధిలో ముసలివాళ్లు వేళకు తింటున్నారా అని ఒకటే ప్రశ్నలు. హన్సాతు ఉన్నవీ లేనివీ కలిపి చెప్పింది.

"అందరం బాగానే ఉన్నాం హజియా. దగ్గు మాత్రం, ఇదిగో, దీన్ని వదలట్లేదు," అని అసబేని చూపించింది.

హజియా అటు చూడలేదు. ముసుగు అంచు చెంప మీదికి లాక్కుంది. కాసేపటికి లోపలి నుంచి తేనె సీసా తెప్పించి హన్సాతు ఒళ్లో పెట్టింది.

"ఉంచమ్మా. మీ వీధిలో ఎవరికైనా పనికొస్తుంది."

వడలు, తేనె, తల్లీ అన్న పిలుపు, అన్నీ హన్సాతుకే. అసబే ఉండబట్టలేక, నవల రెండో భాగంలో జెనాబు పుట్టింటికి ఎందుకు తిరిగి వెళ్లలేదని అడిగింది. హజియా జవాబు చెప్పింది, హన్సాతు మొహం చూస్తూ. వెళితే మళ్లీ రాబుద్ధి కాదని జెనాబుకి తెలుసునట.

చివరికి అసబే తన పుస్తకం అందించింది. హజియా గోడకేసి చూస్తూ అందుకుంది. కాసేపు చేతుల్లోనే ఉంచుకుంది. తెరవకుండానే తిరిగిచ్చి, తర్వాత ఎవరని అడిగింది.

తిరుగు బస్సులో హన్సాతు తన పేరున్న పేజీని నాలుగోసారి చూసుకుంటుంటే, అసబే ఇక చూడలేకపోయింది.

"పుస్తకాలు మార్చుకుందామే. నీ పేరున్నా ఫరవాలేదు."

"పిచ్చి పట్టిందా నీకు?" అని నవ్వబోయిన హన్సాతు, ఆమె కళ్లు చూసి ఆగిపోయింది. "గదిలో ఉన్న అందర్నీ పేరుపెట్టి పిలిచింది. నీ పేరొక్కటే ఆవిడ నోట రాలేదు. నీ మీద అంత కోపం ఏముందే ఆవిడకి?"

అసబే ఖాళీ పేజీని అరచేత్తో మెల్లగా నిమిరింది.

"మనలో ఏ తల్లీ తొలిచూలు బిడ్డని పేరుపెట్టి పిలవదు కదే. మా అమ్మ మాత్రం ఎలా పిలుస్తుంది?"