చివర తీసే పునుగుపిల్లి

మద్దిచెట్టు కింద పునుగుపిల్లి ఓ ఆకులాట పెట్టింది. బోర్లించిన ఆకుల అడుగున చుక్కలుంటాయి. ఒక్కో ఆకే తీస్తూ ఇరవై ఒక్క చుక్కలకు దగ్గరగా వచ్చి ఆగాలి. దాటితే పందెం పోయినట్టే. అందరూ తీశాకే పునుగుపిల్లి తీస్తుంది.

కుందేలు వానాకాలానికి దాచుకున్న వేరుశనక్కాయలు రోజూ అక్కడే పోగొట్టుకుంటోంది. దాని నేస్తం ముళ్లపందికి అనుమానమొచ్చింది. వచ్చి ఆకులు తిరగేసింది, వాసన చూసింది, పునుగుపిల్లి తోక కింద కూడా వెతికింది. ఏమీ దొరకలేదు.

"బాగా చూసుకో తల్లీ, నా దగ్గర దాపరికం లేదు," అని నవ్వింది పునుగుపిల్లి.

కుందేలూ, ఓ ఉడుతా కాయలు పందెం కాసి ఆటకు కూర్చున్నాయి. కుందేలు ఇరవై ఒకటి దాటింది. పునుగుపిల్లి వెంటనే దాని కాయలు లాక్కుంది. ఉడుత దాటకుండా ఆగింది. చివరికి పునుగుపిల్లి కూడా దాటింది. ఉడుతకు కాయలిచ్చింది గానీ, కుందేలువి తిరిగివ్వలేదు.

"నువ్వూ దాటావుగా?" అంది ముళ్లపంది.

"ముందు దాటింది కుందేలే. ఆట పద్ధతి అంతే."

"అయితే ఈసారి నువ్వు ముందు తియ్యి. మేం చివర్న తీస్తాం."

"అలాగైతే నాకేం మిగులుతుంది?" అనేసి పునుగుపిల్లి నాలుక కరుచుకుంది.

కుందేలు మిగిలిన కాయలు నోట కరుచుకుని ముళ్లపంది వెంట వెళ్లిపోయింది. గెలిచిన ఉడుత మాత్రం అక్కడే కూర్చుంది.