బిలాస్‌పూర్ గగనవీరుడు

మొదటి ఛాన్సు గంగలో కలిసిపోయింది.

త్రినాథరావు విమానం ఉస్లాపూర్ మైదానం ఈ కొస నుంచి ఆ కొస దాకా దుమ్ము రేపుకుంటూ పరిగెత్తింది. అంతే. నేల మాత్రం వదల్లేదు. జనం విరగబడి నవ్వారు. "చాచా, ధక్కా లగాయేఁ?" అని ఎవడో అరిచాడు. తొయ్యడానికి ఇద్దరు ముందుకు కూడా వచ్చారు.

"త్రినాథరావుగారికి ఇంకొక్క ఛాన్సు!" మైకులో ప్రకటించాడు రైల్వే తెలుగు సంఘం అధ్యక్షుడు చంద్రమౌళి. "అచ్ఛా, టీ తాగొచ్చేంత టైమిస్తున్నాం. సొంతంగా తయారుచేసిన విమానంలో ఎక్కువ దూరం ఎగిరినవారే మన బిలాస్‌పూర్ గగనవీరుడు! సంఘం హాల్లో ఆయన నిలువెత్తు ఫోటో! ఇప్పటికి ముందున్నది మన వేణుగోపాల్‌గారు!"

వేణుగోపాల్ అప్పటికే ఎగిరేశాడు. తాటిచెట్టంత ఎత్తు లేచి, మైదానం సగం దాటి దిగాడు. దిగినచోట సున్నంతో గీత గీశారు. జనం అక్కణ్ణుంచే ఎత్తుకొచ్చి వేదికెక్కించేశారు. ఇప్పుడు మెడ నిండా దండలతో, పెళ్ళికొడుకులా కూర్చున్నాడు.

త్రినాథరావు తన విమానాన్ని తోసుకుంటూ టార్పాలిన్ చాటుకి తెచ్చుకున్నాడు.

"ఆడి పొగరు సూడే! అన్ని దండలేసినా హెల్మెట్ తియ్యడు. ఒక్క మాట మాట్లాడ్డు. పెద్ద రైట్ సోదరుడు!"

"ఆడి సంగతొగ్గెయ్ మావా. మనదెందుకు లేవలేదో అది సూడు," అంది భార్య చిన్నతల్లి.

ఎందుకు లేస్తుంది? త్రినాథరావు, వేణుగోపాల్ ఇద్దరూ వ్యాగన్ షాపులో పక్కపక్కన వెల్డింగ్ చేసి రిటైరైనవాళ్ళు. అక్కడ బలం చూస్తారు గానీ బరువు చూడరు. పల్చటి రేకు చాలినచోట త్రినాథరావు ఇనుప ప్లేటు వేశాడు. ఒక్క నట్టు చాలినచోట నాలుగు బిగించాడు. పొద్దున వేణుగోపాల్ దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "బావా, ఇది విమానమా, రెక్కలు మొలిసిన బొగ్గు వ్యాగనా?" అని అడిగి మరీ పోయాడు.

త్రినాథరావు స్పానర్ అందుకున్నాడు. మడ్‌గార్డులు ఊడబీకాడు. టూల్‌బాక్సు పారేశాడు. సీటు మెత్త విసిరేశాడు.

"ఇదేటి?" అంది చిన్నతల్లి.

"హారను."

"ఆకాశంలో ఎవుడు అడ్డొస్తాడని?"

త్రినాథరావు హారను కూడా పీకేసి, రెక్క కింద భుజం పెట్టి ఎత్తి చూశాడు. నడుం కలుక్కుమంది గానీ విమానం కదల్లేదు.

"ఇంక తియ్యడానికేటీ లేదే," అన్నాడు ఏడుపు గొంతుతో.

"ఇంకొకటుంది."

"ఏటది?"

"నువ్వే."

త్రినాథరావు తన పొట్ట వంక చూసుకున్నాడు. తర్వాత వెదురుబద్దలా నిలబడ్డ భార్య వంక చూశాడు.

"నువ్వెక్కుతావా? నీకేటొచ్చే?"

"ఇన్నాళ్ళూ నువ్వు కింద పడుకుని నట్లు బిగిస్తంటే, మీద కూకుని హేండిల్ తిప్పిందెవరు? తోర్వా నుంచి సదర్ బజార్ దాకా ఆటోల మధ్య, ఆవుల మధ్య స్కూటీ తోల్తన్నాను. పైన ఆవులుండవు గదా!"

"రైట్ సోదరులు పెళ్ళాల్ని ఎక్కించారేటి?"

"ఆళ్ళకి పెళ్ళిళ్ళే అవలేదు. అయ్యుంటే ఎక్కించుందురు."

వేదిక మీద చంద్రమౌళి మైకు తట్టాడు. "త్రినాథరావుగారూ, జల్దీ!"

ఆ వేణుగోపాల్ ఫోటో కింద కూర్చుని బతికినన్నాళ్ళూ సంఘం టీ తాగడమా? త్రినాథరావు ఒంటిమీది నీలం వర్క్‌షాపు డాంగ్రీ గుండీలు గబగబా విప్పేశాడు.

"ఇది తొడుక్కో. హెల్మెట్ అద్దం దించుకో. నోరు తెరవకు. దిగినాక తిన్నగా వేదిక ఎనక్కి తోలుకొచ్చెయ్. నాను వేదిక కింద దాక్కుంటాను. అక్కడ బట్టలు మార్చుకుని పైకి నానెక్కుతాను."

"మరి ఫోటో ఎవులిది?"

"నాదే! తెలిస్తే కాలనీలో తలెత్తుకోలేనే, నా తల్లి కదూ!"

చిన్నతల్లి డాంగ్రీ తొడుక్కుని, హెల్మెట్ పెట్టేసుకుంది.

త్రినాథరావు బనీనూ చారల డ్రాయరుతో టార్పాలిన్ వెనక నుంచి వంగి వంగి పరిగెత్తి, వేదిక కింది గుడ్డ ఎత్తి లోపలికి దూరాడు. లోపల చీకటి. పైన పలకలు కిర్రుమంటున్నాయి. గుడ్డ చిరుగులోంచి ఒక కన్ను బయట పెట్టాడు.

పచ్చజెండా ఊగింది. విమానం కదిలింది. దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి ముందు చక్రం లేచింది, తర్వాత వెనకవి. జనం నోళ్ళు తెరిచారు. విమానం కాస్త ఊగి, సర్దుకుని, తాటిచెట్టు ఎత్తున మైదానం మీదుగా పోయింది. సున్నం గీత వచ్చింది. దాటిపోయింది. మైదానం ఆ కొసదాకా పోయి, గుడ్లు పొదిగే కోడిలా మెత్తగా కూర్చుంది.

"త్రినాథరావు, జిందాబాద్!" మైదానం దద్దరిల్లింది.

త్రినాథరావు తన్ను తాను మరిచిపోయాడు. ఎక్కడున్నాడో, ఎలా ఉన్నాడో కూడా మరిచిపోయాడు.

"శభాషే, నా చిన్నతల్లీ!" అని గొంతెత్తి అరిచాడు.

చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చి అతని నోరు మూసేసింది. గింజుకుని వెనక్కి తిరిగాడు. తనలాగే బనీనూ డ్రాయరుతో ముడుచుకుని ఉన్నాడు వేణుగోపాల్.

"మెల్లగా అరువు బావా," అన్నాడతను, "పైన దండలేసుకుని కూకున్నది మా ఆవిడ."