అత్తగారి సాక్ష్యం

"నాచేత అబద్ధాలు చెప్పించకు. ఈ వయసులో ఆ పాపం నాకెందుకు?" అంది అత్తగారు, కళ్లజోడు పెట్టె టప్పున మూస్తూ.

"అబద్ధాలు వద్దు అత్తయ్యా. ఉన్నవాటిలోనే రెండు మంచి ముక్కలు ఏరి చెప్పండి," అన్నాడు మెకానిక్.

"ఏరడానికి ఉండొద్దూ?"

వంటింట్లోంచి భార్య కిసుక్కున నవ్వింది. మెకానిక్‌కి మాత్రం నవ్వు రాలేదు.

చర్చిలో సంఘ పెద్దగా ఉన్న ముసలాయన పోయి మూడు నెలలైంది. ఆ చోటికి రెండు పేర్లు వచ్చాయి. ఒకటి హార్డ్‌వేర్ షాపాయనది, రెండోది ఇతనిది. సంఘ పెద్ద అంటే ముందు వరస కుర్చీ, ఫొటోలో మధ్య చోటు అనుకునే రోజులివి. మెకానిక్‌కి వాటి మీద మోజు లేదు. ఉన్న బెంగల్లా చర్చి వ్యాను గురించే. రోగుల్ని ఆస్పత్రికి చేర్చే ఆ డొక్కు బండికి పదేళ్లుగా ప్రాణం పోస్తున్నది అతనే. షాపాయన పెద్ద అయితే మొదట చేసే పని దాన్ని తుక్కు కింద తోలెయ్యడమే. "దేవుడి మందిరం ముందు ఆ తుప్పు ముద్దేమిటి, చూసేవాళ్లు నవ్వరూ?" అని ఇప్పటికే పదిమందిలో అనేశాడు కూడా.

పాస్టరు గారికి ఒక చాదస్తం ఉంది. ఎవరినైనా పెద్దగా నిలబెట్టే ముందు వాళ్లింటికి వెళతారు. ఆ మనిషిని బయటికి పంపించి, ఇంట్లో అతణ్ణి అందరికన్నా ఎక్కువ తిట్టేవాళ్లని కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. మెకానిక్ ఇంట్లో ఆ పదవికి పోటీయే లేదు. ముప్పై ఏళ్లు పంతులమ్మగా చేసిన అత్తగారికి ఉద్యోగం అయిపోయింది గానీ, చేతిలో ఎర్ర పెన్నూ నోట్లో మాటా అయిపోలేదు.

"షాపాయన వాళ్లత్తగారు ఏం చెప్పిందిట?" అంది ఆవిడ, ఏమీ పట్టనట్టు.

"అల్లుడు కాదు, దేవదూత అందట. ఎక్కడా తడుముకోకుండా గడగడా అప్పజెప్పిందట. పాస్టరు గారు టీ కూడా ముట్టకుండా లేచొచ్చేశారట."

"ఓహో," అని అత్తగారు కళ్లజోడు పెట్టె తెరిచి, లోపలికి తొంగిచూసి, మళ్లీ మూసింది.

ఆ వారమంతా ఇదే వరస. గోడకేసి తిరిగి ఏదో గొణుక్కునేది. అల్లుడి అడుగు వినపడితే ఆపేసేది.

"మా అమ్మ మీమీద కత్తులు నూరుతోందండీ," అంది భార్య. "ఈసారి మీరు ఆశలు వదులుకోండి."

శనివారం సాయంత్రం పాస్టరు గారు వచ్చారు. మెకానిక్ వందనాలు చెప్పి, కుర్చీ వేసి, తన చోటు తెలిసినవాడిలా బయటికి నడిచాడు. కిటికీ పక్కనే నిలిపి ఉన్న వ్యాను కింద దూరాడు. స్పానరు చేతిలో ఉంది గానీ, చెవులు మాత్రం గదిలోనే ఉన్నాయి.

"చెప్పండమ్మా, మీ అల్లుడి గురించి."

"ఎక్కడ మొదలెట్టమంటారు అయ్యగారూ? పెళ్లిరోజు ఫొటోకని కొత్త చొక్కా కొన్నాం. దారిలో ఎవడిదో లారీ ఆగిపోయిందట. ముక్కూ మొహం తెలియనివాడు! కొత్త చొక్కాతోనే దాని కిందికి దూరిపోయాడు. ఫొటోలో మా పిల్ల పక్కన బొగ్గుల బస్తా నిలబెట్టినట్టుంది."

వ్యాను కింద మెకానిక్ కళ్లు మూసుకున్నాడు. అయిపోయింది, బండి తుక్కుకే.

"పొద్దున్నే వంటింట్లో మోకరిస్తాడు. పొయ్యి దగ్గరికి వెళ్లాలంటే మనిషిని దాటుకుపోవాలి. పోనీ, తన గొడవేదో తను చెప్పుకుంటాడా? నా మోకాళ్ల నొప్పులు కూడా దేవుడికి ఏకరువు పెడతాడు. నా మోకాళ్లు ఈయనకెందుకండీ?"

కుర్చీ ముందుకు జరిగిన చప్పుడైంది. "ఇంకా?" అన్నారు పాస్టరు గారు.

"ఇంటి మగాడికి కాస్త బెట్టు ఉండొద్దూ? తప్పు తనదైతే ఏడేళ్ల కూతురి దగ్గర కూడా 'నాదే తప్పమ్మా' అని ఒప్పేసుకుంటాడు. ఇక పిల్లకి భయమేం ఉంటుంది?"

"అంతేనా?"

"అసలుది ఇప్పుడు వినండి. మావారు రెండేళ్లు మంచంలో ఉన్నారు. కన్నకొడుకులు గుమ్మంలోంచే పలకరించి పోయేవాళ్లు. ఈయనేమో రోజూ ఒళ్లు కడుగుతూ, 'మామయ్యా, బండి సర్వీసింగ్ అయిపోయింది, ఇక రోడ్డెక్కడమే' అని పరాచికాలు. పోయేముందు ఆ మనిషి నన్ను పిలవాలా, వద్దా? అల్లుణ్ణి పిలిచారు. నలభై ఏళ్లు కాపురం చేసింది నేనండీ!"

ముక్కు చీదిన చప్పుడు.

"జలుబు," అంది అత్తగారు.

పాస్టరు గారు రెండు కప్పుల టీ తాగి బయటికొచ్చారు. వ్యాను పక్కన గొంతుక్కూర్చుని కిందికి వంగి చూశారు.

"బయటికి రావయ్యా. రేపు ఆరాధనలో నీ పేరే చెబుతున్నా."

మెకానిక్ తల ఠంగుమని బండికి కొట్టుకుంది. "నా పేరా? అన్ని తిట్లు విన్నాక కూడానా?"

"అందుకే! బట్టీపట్టిన పొగడ్తకీ, కడుపులోంచి వచ్చిన తిట్టుకీ తేడా తెలియదటయ్యా నాకు?" అని నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

మెకానిక్ బొప్పి తడుముకుంటూ లోపలికొచ్చాడు. "నా పరువు నిలువునా తీశారు కదత్తయ్యా."

"ఉన్నదే చెప్పాను. ఒక్క అబద్ధం ఉంటే చూపించు," అని ఆవిడ మొహం కడుక్కోవడానికి పెరట్లోకి పోయింది.

కళ్లజోడు పెట్టె కుర్చీలోనే మరిచిపోయింది. ఎవరైనా కూర్చుంటే చితికిపోతుందని అతను తీశాడు. మూత ఊడి, నాలుగు మడతల కాగితం కింద పడింది. పంతులమ్మ గుండ్రటి అక్షరాలు. ఒకటి, చొక్కా. రెండు, మోకాళ్లు. మూడు, కూతురి దగ్గర తప్పు ఒప్పుకోవడం. నాలుగు, మావారు.

నాలుగోదాని కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు, పక్కన రెండు మాటలు.

'ఇక్కడ ఏడవకూడదు.'